సూపర్ హీరో సినిమాలు బోర్ కొట్టేశాయి, యానిమేటెడ్ సిరీస్‌లు చూడొచ్చా?

ప్రశ్న: చిన్నప్పటి నుంచి సూపర్ హీరో సినిమాలు ఒక్కటీ వదలకుండా చూస్తున్నాను. ఈ మధ్య ఏది పెట్టినా చివరి అరగంటలో ఫోన్ తీసేస్తున్నాను. అసలు కథలన్నీ యానిమేటెడ్ సిరీస్‌లలోనే ఉన్నాయి, అవి చూడు అంటాడు మా ఫ్రెండ్. నాకేమో బొమ్మల కథలంటే పిల్లల వ్యవహారం అనిపిస్తుంది. నిజంగా అంత బాగుంటాయా? ఉంటే దేనితో మొదలుపెట్టాలి? డబ్బింగ్‌లో చూడాలా, సబ్‌టైటిల్స్‌తోనా?

సమాధానం:

మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. బొమ్మలతో చేసినంత మాత్రాన కథకు పస రాదు. యానిమేషన్‌లోనూ చెత్త బోలెడంత ఉంది, దాని సంగతి కింద చెప్తాను. కానీ మీ ప్రశ్నలో నన్ను పట్టుకున్నది ఆ 'చివరి అరగంట' అన్న మాట. మొదటి గంటన్నర మీరు బాగానే కూర్చుంటున్నారు. హీరో ఇబ్బందులు, జోకులు, విలన్‌కి ఎప్పుడో జరిగిన అన్యాయం, అన్నీ చూస్తున్నారు. ఆకాశంలో ఒక వెలుగు లేచి, కింద భవనాలు కూలడం మొదలయ్యాక మీ చెయ్యి ఫోన్ మీదకు పోతోంది. మామూలుగా ఇలాంటి సినిమాల్లో డబ్బు నీళ్లలా పోసేది ఆ అరగంటకే, విసుగొచ్చేదీ అక్కడే. కాబట్టి సూపర్ హీరోలంటే మీకు మొహం మొత్తిందని నేననుకోను. దేన్నీ తేల్చని ఫైట్లంటే మొహం మొత్తింది.

నేను చాలా ఏళ్లుగా స్టోరీబోర్డ్ పనిలో ఉన్నాను. అంటే స్క్రిప్ట్‌లో 'ఇద్దరూ తలపడతారు' అని ఒక్క ముక్క రాసి ఉంటే, దాన్ని షాట్ల వారీగా బొమ్మలు వేసి చూపించే పని. ఫైట్‌ని పరీక్షించడానికి నేను వాడే పద్ధతి కాస్త మొరటుగానే ఉంటుంది. ఫైట్ మొత్తం ఎత్తేసి, దాని బదులు 'కొట్టుకున్నారు, ఇతను గెలిచాడు' అని ఒక కార్డు వేసుకుంటాను. ఆ తర్వాతి సీన్ ఎక్కడా తడబడకుండా నడిచిపోయిందా, ఆ ఫైట్ ఎంత కళ్లు చెదిరేలా ఉన్నా దండగే. తడబడిందంటే ఆ ఫైట్‌లో కథ ఉన్నట్టు. మీకు బాగా నచ్చిన పాత సినిమాలను ఈ పరీక్షకు పెట్టి చూడండి, చాలావరకు గట్టెక్కుతాయి. (ఇక్కడి నుంచి కొన్ని కథలు బయటపెడుతున్నాను. తెలియకుండా చూడాలనుకుంటే చివరి నాలుగు పేరాలకు వెళ్లిపోండి.)

2004లో వచ్చిన 'స్పైడర్-మ్యాన్ 2'లో రైలు సీన్ గుర్తుందా? విలన్ డాక్టర్ ఆక్టోపస్ రైలు ఆగకుండా చేసి వెళ్లిపోతాడు. స్పైడర్-మ్యాన్ అయిన పీటర్ ముఖానికి ముసుగు లేదు. రైలు ముందు నిలబడి, రెండు పక్కల భవనాలకు సాలెదారాలు వేసి, ఒంటి బలంతో దాన్ని ఆపుతాడు. రైలు ఆగాక స్పృహ తప్పి ముందుకు తూలిపోతుంటే లోపలి నుంచి చేతులు వచ్చి పట్టుకుంటాయి. ప్రయాణికులు అతన్ని తలల మీదుగా చేతుల మీద మోసుకెళ్లి నేల మీద పడుకోబెడతారు. అతని ముఖం చూసి, కుర్రాడు, నా కొడుకు కంటే పెద్దవాడు కాడు అంటాడొకాయన. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చి చేతికిచ్చి, ఎవరికీ చెప్పం అంటారు. ఈ సీన్ బదులు కార్డు వేస్తే ఏం పోతుంది? ఆ ఊరికి అతనేమవుతాడో, అతనికి ఆ ఊరేమవుతుందో, అది మొత్తం పోతుంది.

2008 నాటి 'ది డార్క్ నైట్'లో పోలీసు స్టేషన్ గది సీన్ కూడా అంతే. బ్యాట్‌మ్యాన్ జోకర్‌ని చావబాదుతాడు, జోకర్ నవ్వుతాడు. దెబ్బ పడేకొద్దీ నవ్వు పెరుగుతుంది. ఇంత బలం ఉండి కూడా ఇతను చేయగలిగింది ఏమీ లేదని అక్కడ తేలిపోతుంది. దాని తర్వాత ఆ సినిమా ఇంకోలా నడవడానికి వీల్లేదు. అంటే నటులతో తీసిన సినిమా ఈ పని చేయలేదని కాదు. చేసింది, చాలా గొప్పగా చేసింది.

మరి ఎక్కడ చెడింది? కథ కంచికి వెళ్లకూడదని నియమం పెట్టుకున్న దగ్గర. 'ఐరన్ మ్యాన్' చివర టైటిల్స్ అన్నీ అయ్యాక నిక్ ఫ్యూరీ చీకట్లోంచి మాట్లాడినప్పుడు థియేటర్లో ఉన్నవాళ్లకు అది సరదా. అక్కడి నుంచి 2019లో 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' వరకు 22 మార్వెల్ సినిమాలు ఒకే దారానికి గుచ్చారు. ఎండ్‌గేమ్ పండిందంటే పోర్టల్స్ తెరుచుకుని అందరూ వచ్చినందుకు అంటారు చాలామంది. ఆ సీన్‌కి నేనూ ఈల వేశాను. కానీ సినిమా నిలబడింది మాత్రం ఐరన్ మ్యాన్ టోనీ చనిపోయినందుకు, కెప్టెన్ అమెరికా స్టీవ్ ముసలివాడై వచ్చి డాలు మరొకరికి అప్పగించినందుకు. ఏళ్ల తరబడి సాగిన కథలు రెండు నిజంగా ముగిశాయి. ఆ తర్వాత మల్టీవర్స్ వచ్చింది. ఈ లోకంలో చచ్చినవాడు పక్క లోకం నుంచి నవ్వుకుంటూ రావచ్చు. చావే లెక్కలోకి రానప్పుడు గుద్దులాట ఏం లెక్క? దీనికి తోడు, ఒక సినిమా అర్థం కావాలంటే రెండు సిరీస్‌లు చూసి ఉండాలన్నట్టు తయారైంది. ఇలా గుట్టలుగా తీయడం వల్ల తమ దృష్టి చెదిరిందని మార్వెల్ మాతృసంస్థ డిస్నీకి అప్పటి అధిపతి బాబ్ ఐగర్ 2023లో తనే ఒప్పుకున్నారు.

తెర వెనుక ఇంకో కారణం ఉంది. ప్రేక్షకులు దీని గురించి తక్కువ మాట్లాడుకుంటారు. భారీ సూపర్ హీరో సినిమాల్లో క్లైమాక్స్ ఎలా ఉండాలో చాలాసార్లు చివరి వరకు తేలదు. నటులు నీలం తెర ముందు నిలబడి చేతులు ఊపి వెళ్లిపోతారు. ఎదురుగా ఏముందో, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తర్వాత చూసుకుందాం అనుకుంటారు. ఆ 'తర్వాత' మొత్తం విజువల్ ఎఫెక్ట్స్ వాళ్ల నెత్తిన పడుతుంది. విడుదలకు కొన్ని వారాల ముందు కూడా విలన్ రూపం, వెనక ఊరు, ఒక్కోసారి ఫైట్ ముగింపే మారిపోతుంటాయి. ఈ ఒత్తిడి గురించి ఎఫెక్ట్స్ కళాకారులు బయటికి వచ్చి మాట్లాడారు. 2023 సెప్టెంబరులో మార్వెల్ సొంత వీఎఫ్‌ఎక్స్ సిబ్బంది యూనియన్ కావాలని ఒక్కరూ వ్యతిరేకించకుండా ఓటేశారు. ఇలా తయారైన ఫైట్ దేన్నైనా ఎలా తేలుస్తుంది చెప్పండి? అది వేళ్ల నుంచి కాంతి కిరణాలు వచ్చే ఫైట్ అవుతుందా, కత్తుల ఫైట్ అవుతుందా అన్నదే తేలలేదు అప్పటికి.

యానిమేషన్‌లో పని వరుస దీనికి తలకిందులు. మా దగ్గర ఎడిటింగ్ ముందు జరుగుతుంది. మొదట స్టోరీబోర్డ్ బొమ్మలు. వాటిని వరుసగా పేర్చి, తాత్కాలిక గొంతులు, సంగీతం కలిపి, ఏ షాట్ ఎన్ని సెకన్లో కొలుచుకుని వీడియోగా చేస్తాం. దాన్ని యానిమాటిక్ అంటారు. అంటే అసలు బొమ్మ కదలకముందే ఎపిసోడ్ మొత్తం గీతల్లో చూసేస్తాం. బోర్ కొట్టే చోటు అక్కడే దొరికిపోతుంది. ఫైట్ మూడు నిమిషాలు ఉంటే, ఈ మూడు నిమిషాలు ఎందుకు అని డైరెక్టర్ అడిగేది అప్పుడే. ఒకసారి యానిమేటర్ చేతికి వెళ్లాక మార్చడమంటే కట్టిన ఇంట్లో గోడ జరపడమే. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు. అవన్నీ ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. ఉత్తినే గీద్దాంలే అనడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

అలాగని యానిమేషన్ స్టూడియోలు ధర్మసత్రాలేమీ కావు. 2023లో వచ్చిన 'అక్రాస్ ది స్పైడర్-వర్స్' తయారీలో పూర్తయిన షాట్లను మళ్లీ మళ్లీ మార్పించారని, భరించలేక చాలామంది ఆర్టిస్టులు వెళ్లిపోయారని పత్రికల్లో కథనాలు వచ్చాయి. సినిమా అద్భుతంగా ఉంది. ఆ వార్త చదివాక దాన్ని అంత తేలిగ్గా మెచ్చుకోలేకపోతున్నాను, అదీ నిజమే.

ఇప్పుడు పిల్లల వ్యవహారం అన్నారు కదా, దానికి వద్దాం. 1992లో మొదలైన 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్' పిల్లల కోసమే చేశారు. ఛానల్ వాళ్ల ఆంక్షలు మామూలుగా లేవు. రక్తం వద్దు, చావు చూపించొద్దు, ఎవరూ కిటికీ అద్దాల్లోంచి దూసుకుపోకూడదు, ఇలా చాంతాడంత జాబితా. సృష్టికర్తల్లో ఒకరైన బ్రూస్ టిమ్ ఆ నిషేధాలన్నిటినీ ఒకే బొమ్మలో ఇరికించి ఒక జోక్ పోస్టర్ కూడా గీశాడు. కానీ ఆ కట్టుబాట్లే వాళ్లకు కలిసొచ్చాయి. 'రాబిన్స్ రెకనింగ్' అనే రెండు భాగాల ఎపిసోడ్‌లో సర్కస్ ట్రాపీజ్ ఆడే దంపతులు చిన్న కొడుకు కళ్లెదుట చనిపోవాలి. పడటం చూపించకూడదు, ఒళ్లు చూపించకూడదు. ఏం చేశారో తెలుసా? ఇద్దరూ ఊగుతూ తెర దాటి బయటికి పోతారు. తిరిగి ఊగుతూ వచ్చేది తెగిన తాడు ఒక్కటే. మామూలు యాక్షన్ సినిమాలో ఇరవై మంది చచ్చినా రాని గగుర్పాటు ఆ తాడు చూస్తే వస్తుంది. ఆ ఎపిసోడ్‌కి ఎమ్మీ టీవీ అవార్డు వచ్చింది.

ఆ సిరీస్‌లో నేను ఎవరికైనా మొదట చూపించేది మాత్రం 'హార్ట్ ఆఫ్ ఐస్'. ఇరవై రెండు నిమిషాలు. రాసింది పాల్ డినీ, డైరెక్షన్ బ్రూస్ టిమ్. మిస్టర్ ఫ్రీజ్ అనే విలన్ 1959 నుంచీ కామిక్స్‌లో ఉన్నాడు, మొదట్లో మిస్టర్ జీరో అనే పేరుతో. మంచు తుపాకీ పట్టుకుని బ్యాంకులు దోచే వెర్రి బాపతు. అతనికి ఈ ఎపిసోడ్ ఒక భార్యను ఇచ్చింది. ఆమెకు నయం కాని జబ్బు. మందు దొరికేవరకు ఆమెను మంచులో నిద్రపుచ్చి ఉంచుతాడు. ఖర్చు దండగ అని కంపెనీ యజమాని వచ్చి యంత్రం ఆపించేస్తాడు, ఆ గొడవలో ఇతనికి వేడి తగిలితే బతకలేని ఒళ్లు వస్తుంది. ఇప్పుడతను పగ తీర్చుకోవడానికి వచ్చాడు. ఆ పాత్రకు గొంతు ఇచ్చిన మైకేల్ అన్సారా ప్రతి మాటనూ ఎత్తుపల్లాలు లేకుండా, మరమనిషి చదివినట్టు పలుకుతాడు. ఏడుపు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. అదే గుండెను పిండేస్తుంది.

ఇక ఫైట్ ఎలా ముగుస్తుందో చూడండి. బ్యాట్‌మ్యాన్‌కి ఎపిసోడ్ మొదటి నుంచి జలుబు. ఇంట్లో పనులు చూసే ఆల్ఫ్రెడ్ ఫ్లాస్కులో వేడి చికెన్ సూప్ పోసి కారులో పెట్టి పంపుతాడు. మనం దాన్ని ఇంట్లో పెద్దవాళ్ల చాదస్తం అనుకుని నవ్వుకుంటాం. చివర్లో ఫ్రీజ్ చేతిలో చిక్కి ఊపిరాడనప్పుడు బ్యాట్‌మ్యాన్ ఆ ఫ్లాస్కును అతని గాజు హెల్మెట్‌కేసి కొడతాడు. చల్లటి గాజు మీద వేడి సూప్ పడి పగిలిపోతుంది. తన కోసం తాపత్రయపడే మనిషి ఇంట్లో ఉన్నవాడు గెలిచాడు, అలాంటి మనిషిని పోగొట్టుకున్నవాడు ఓడిపోయాడు. పైకి ఒక్క డైలాగ్ కూడా చెప్పకుండా ఫైట్ ఈ సంగతి తేల్చేసింది. గెలిచాక కూడా బ్యాట్‌మ్యాన్ చేసే మొదటి పని, ఆ కంపెనీ యజమాని నిర్వాకం రికార్డయిన టేపును విలేకరికి ఇవ్వడం. ఈ కథ ఎంత గట్టిగా నాటుకుందంటే, ఆ తర్వాత కామిక్స్ కూడా ఆ భార్య కథనే తీసుకున్నాయి, 1997లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ సినిమా కూడా. సినిమాలో దాన్ని ఏం చేశారన్నది అడక్కండి.

ఇదంతా ఒక్క ఎపిసోడ్‌లో పట్టే కథ. సిరీస్‌కి అసలు బలం వేరే ఉంది, అది సమయం. మనిషి మారడానికి పట్టేంత సమయం. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' 2005 నుంచి 2008 వరకు మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు. అందులో జూకో అనే రాకుమారుడు ముఖం సగం కాలిన మచ్చతో వస్తాడు. మామూలు విలన్ అనుకుంటాం. మొదటి సీజన్ 12వ ఎపిసోడ్‌లో అసలు సంగతి తెలుస్తుంది. పదమూడేళ్లప్పుడు యుద్ధ సభలో, కొత్త సైనికులను కావాలని బలి ఇవ్వడం తప్పు అని నోరు తెరిచాడు. దానికి శిక్షగా అగ్ని ద్వంద్వయుద్ధం చేయాలన్నారు. సేనాపతితో అనుకుని బరిలోకి వెళ్తే ఎదురుగా కన్నతండ్రి. పిల్లాడు కొట్టనని మోకాళ్ల మీద పడి ఏడుస్తాడు. తండ్రి ముఖం కాల్చి దేశం నుంచి వెళ్లగొడతాడు. ఇది ఒకే ఒక్క దెబ్బ ఉన్న ఫైట్. అయినా సిరీస్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

రెండు గంటల సినిమా అయితే దీని తర్వాత అరగంటలో జూకో మంచివాడైపోయేవాడు. ఇక్కడ అలా కాదు. రెండో సీజన్ మొత్తం బాగుపడుతున్నట్టే ఉండి, చివర్లో తండ్రి మెప్పు దొరుకుతుందనే ఆశ చూపగానే, తనను కన్నబిడ్డలా చూసుకున్న పెదతండ్రి ఐరోనే వెన్నుపోటు పొడుస్తాడు. చూసేవాళ్లకు ఒళ్లు మండిపోతుంది. కానీ మనుషులు అలాగే కదా, ఒక అడుగు ముందుకు వేసి రెండు వెనక్కి వేస్తారు. ఆ వెనకడుగు వేయించే తీరిక ఏ సినిమాకీ ఉండదు. చివరి ఎపిసోడ్లలో చెల్లెలు అజూలాతో మళ్లీ అదే అగ్ని ద్వంద్వం. ఆమెది నీలి మంట, ఇతనిది నారింజ మంట. పెద్ద పెద్ద శబ్దాలు తగ్గించేసి, విషాదంగా, నెమ్మదిగా సాగే సంగీతం పెట్టారు. అన్నాచెల్లెళ్లు చంపుకునే స్థితికి వచ్చారు, ఇందులో గెలిచేదేముంది అన్నట్టుంటుంది. జూకో గెలవబోతుండగా ఆమె మెరుపును పక్కనున్న స్నేహితురాలి మీదకు విసురుతుంది. జూకో అడ్డం దూకుతాడు. తండ్రి ముందు వణికిన పిల్లాడు ఎలాంటివాడో ఇక్కడ తేలింది, మూడు సీజన్ల తర్వాత.

ఈ సిరీస్‌లో నీరు, గాలి, మట్టి, నిప్పులను ఆడించే ఒక్కో విద్యకు ఒక్కో నిజమైన యుద్ధకళను ఆధారంగా తీసుకున్నారు. నీటికి తాయ్ చీ, గాలికి బాగువా, మట్టికి హుంగ్ గార్, నిప్పుకు ఉత్తర షావోలిన్. సిఫు కిసు అనే గురువు సలహాదారుగా ఉన్నాడు. అందుకే మట్టి విద్య చేసేవాడు పాదం నేలకేసి కొడితే బండ బరువు మనకు తెలుస్తుంది. ఇదే కథను 2010లో నటులతో సినిమాగా తీశారు. అందులో ఒక చోట కొందరు కలిసి బోలెడన్ని విన్యాసాలు చేస్తే ఒక చిన్న రాయి తీరిగ్గా తేలుతూ పోతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏమిటో చూడాలంటే ఆ షాట్ చూడండి.

బొమ్మ మాత్రమే చేయగలిగే పని ఒకటుంది, దానికి 2018 నాటి 'స్పైడర్-మ్యాన్: ఇంటూ ది స్పైడర్-వర్స్' కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అడవిలో ఊగుతూ పారిపోయే సీన్ ఉంటుంది. అందులో అనుభవం ఉన్న స్పైడర్-మ్యాన్ పీటర్‌కి సెకనుకు 24 బొమ్మలు, ఇప్పుడే నేర్చుకుంటున్న కుర్రాడు మైల్స్‌కి 12. అంటే ఇద్దరూ పక్కపక్కనే ఊగుతున్నా ఒకడు నీళ్లలా సాగుతాడు, ఇంకొకడు కుదుపులతో తడబడతాడు. లెక్క తెలియని ప్రేక్షకుడికి కూడా వీడికింకా రాలేదు అని కళ్లకు తెలిసిపోతుంది. తర్వాత మైల్స్ భవనం మీద నుంచి దూకే సీన్. అద్దాల గోడకు వేళ్లు అతుక్కుని ఉన్నాయి, భయం వదలట్లేదు. అయినా దూకుతాడు. వేళ్లు వదలకపోవడంతో అద్దం ముక్కలు చేతులతోపాటు ఊడి వస్తాయి. భయం పోయాక దూకలేదు, భయంతోనే దూకాడు. అప్పుడు కెమెరా తలకిందులవుతుంది, కింద పడుతున్నవాడు నగరంలోకి పైకి లేస్తున్నట్టు కనిపిస్తాడు. ఆ సీన్‌లో శత్రువు లేడు, దెబ్బ లేదు. అయినా ఆ సినిమాలో అన్నిటికన్నా పెద్ద పోరాటం అదే. ఆ ఏడాది ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'ఇన్విన్సిబుల్' 2021లో మొదలైంది. మొదటి ఎపిసోడ్ చివరి నిమిషాలు చూసేవరకు మామూలుగానే ఉంటుంది, ఆ తర్వాత మీరే ఆపలేరు. కానీ రక్తపాతం విపరీతం. పిల్లలు పక్కన ఉంటే వద్దు. యానిమేషన్ కొన్ని చోట్ల పేలవంగా ఉంటుంది. ఆ సంగతి తయారీదార్లకూ తెలుసు. ఒక ఎపిసోడ్‌లో ఒక కామిక్స్ రచయిత యానిమేషన్ ఖర్చు తగ్గించే చిట్కాలు చెప్తుంటే, ఆ సీన్‌లో సరిగ్గా అవే చిట్కాలు వాడుతుంటారు. నేను పగలబడి నవ్వాను. 'ఆర్కేన్' సూపర్ హీరో కథ కాదు, వీడియో గేమ్ నుంచి పుట్టింది. పారిస్‌లోని ఫార్టిష్ స్టూడియో చేసింది, ప్రతి ముఖం చేత్తో రంగు వేసినట్టుంటుంది. మొదటి సీజన్, 2021లో వచ్చిన ఆ తొమ్మిది ఎపిసోడ్లు, నా లెక్కలో ఈ మధ్య వచ్చినవాటిలో ఉత్తమం. రెండో సీజన్ మాత్రం పది ఎపిసోడ్ల కథను మూడింట్లో కుక్కినట్టు పరుగెత్తింది, ఫైట్లు మళ్లీ మీ 'చివరి అరగంట' జాతిలోకి జారాయి.

యానిమేషన్‌లో చెత్త గురించి చెప్తానన్నాను. ఆట బొమ్మల అమ్మకాల కోసం పుట్టి, ఎపిసోడ్ అయిపోగానే అన్నీ మొదటికొచ్చే సిరీస్‌లు లెక్కలేనన్ని. ఇంకో రకం, అభిమానులు నెత్తిన పెట్టుకునే పొడవాటి అనిమేలు, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు. ఒకే ఫైట్ ఎపిసోడ్ల తరబడి సాగుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, నా అసలు శక్తి ఇంకా చూపించలేదు అని చెప్పుకుంటూ ఉంటారు. కార్డు పరీక్ష పెడితే ఇవి మార్వెల్ కంటే ఘోరంగా తప్పుతాయి. అనిమే చూస్తేనే అభిరుచి ఉన్నట్టు మాట్లాడేవాళ్ల మాట పట్టించుకోకండి. 'కౌబాయ్ బీబాప్' 26 ఎపిసోడ్లు, 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్' 64. రెండూ ముగింపు ఉన్న కథలు. అవి చూడండి చాలు ముందు.

మీరు మొదలుపెట్టాల్సింది 'హార్ట్ ఆఫ్ ఐస్'తో. వరుస అక్కర్లేదు, ముందు వెనకలు తెలియాల్సిన పనిలేదు. నచ్చితే 'రాబిన్స్ రెకనింగ్'. ఆ రెండూ నచ్చకపోతే మీ ఫ్రెండ్‌కి ఒక నమస్కారం పెట్టి వదిలేయండి, ఇది మీ దారి కాదు. నచ్చితే 'అవతార్' పెట్టండి. ఒక్క హెచ్చరిక, మొదటి సీజన్‌లో కొన్ని ఎపిసోడ్లు నిజంగానే పిల్లల వ్యవహారం. 12వది చూసేవరకు తీర్పు చెప్పకండి. బ్యాట్‌మ్యాన్ సిరీస్‌లో కూడా ఎపిసోడ్‌కి ఎపిసోడ్‌కి బొమ్మ నాణ్యత మారుతుంటుంది. ఎందుకంటే గీసే పనిని వేర్వేరు దేశాల స్టూడియోలకు పంచారు. జపాన్‌లోని టీఎంఎస్ చేసిన ఎపిసోడ్లు చూస్తే నోరెళ్లబెడతారు. 'ఫీట్ ఆఫ్ క్లే' రెండో భాగం వాళ్లదే, మట్టిమనిషి ముఖం ఒక్కో మనిషిగా మారిపోతుంటే ఆ కాలంలో టీవీకి అంత ఖర్చు ఎలా పెట్టారా అనిపిస్తుంది. కొన్ని మాత్రం మరీ మొరటుగా ఉంటాయి, వాటిని చూసి సిరీస్ మొత్తాన్ని కొట్టిపారేయకండి.

డబ్బింగా, సబ్‌టైటిల్సా అన్నదానికి నా జవాబు ఏ దేశంలో చేశారన్నదాన్ని బట్టి మారుతుంది. అమెరికన్ యానిమేషన్‌లో గొంతులు ముందు రికార్డు చేస్తారు, ఆ గొంతు విని బొమ్మ గీస్తారు. పెదవి కదలిక, కనుబొమ్మ, ఊపిరి తీసుకోవడం, అన్నీ ఆ నటుడి నుంచి వచ్చినవే. బ్యాట్‌మ్యాన్ సిరీస్‌కి అయితే నటులను విడివిడిగా కాకుండా ఒకే గదిలో కూర్చోబెట్టి నాటకంలా రికార్డు చేశారు. కెవిన్ కాన్‌రాయ్ ముసుగు లేనప్పటి బ్రూస్ వేన్‌కి ఒక గొంతు, ముసుగు వేసిన బ్యాట్‌మ్యాన్‌కి ఒక గొంతు వాడతాడు. జోకర్‌గా మార్క్ హామిల్ నవ్వు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. డబ్బింగ్‌లో ఇవి పోతాయి. కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకుని అసలు గొంతులతోనే చూడండి. జపాన్‌లో ఎక్కువగా ముందు బొమ్మ, తర్వాత గొంతు. అక్కడి నటులు కూడా కదిలే బొమ్మను చూస్తూనే మాట్లాడతారు. అందుకని అనిమేని మంచి డబ్బింగ్‌లో చూస్తే పోయేది తక్కువ. 'కౌబాయ్ బీబాప్' ఇంగ్లిష్ డబ్బింగ్‌ని అసలు కంటే ఎక్కువ ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి.